గుట్ట మీద కుట్టిన చొక్కా

“దాన్ని ముట్టుకున్నారంటే ఊరుకోను” అంది మా అత్తగారు.

ఆవిడ చెప్పేది కటింగ్ బల్ల మీదున్న బూడిదరంగు చొక్కా గురించి. నిన్న మధ్యాహ్నం రొట్టెల బట్టీ ఆవిడ తెచ్చి పరిచి వెళ్ళినప్పటి నుంచీ అది అక్కడే ఉంది. షాపు తలుపులు తీసి చాలాసేపయింది. నేను కత్తెర పట్టుకుని నిలబడ్డాను. గుడ్డ ఉంది, కత్తెర ఉంది, కోసేవాడున్నాడు, బల్ల మాత్రం లేదు.

“బ్యాంకు ఆయన కోటు సాయంత్రానికి ఇవ్వాలమ్మా” అంది నా భార్య. “చొక్కా మడిచి బీరువాలో పెడతాను. పారేస్తానన్నానా?”

“మడిస్తే అంచు నలుగుతుంది.”

“నలిగితే ఇస్త్రీ చేస్తాను.”

“ఇస్త్రీ చేస్తే చిన్నదాని చేతి గుర్తు పోతుంది” అంది అత్తగారు.

నా భార్య నా వైపు చూసింది. నేను ఈ ఇంటికి ఇల్లరికపు అల్లుణ్ణి. తల్లీకూతుళ్ళు పోట్లాడుకునేటప్పుడు నా పని సుద్దముక్క వెతుక్కోవడం. పెళ్ళయిన దగ్గర్నుంచీ వెతుకుతూనే ఉన్నాను, అది జేబులోనే ఉంటుంది.

“నువ్వైనా చెప్పు బాబూ” అంది అత్తగారు. పెళ్ళికి ముందు నేనిక్కడ పనివాణ్ణి, అప్పుడు ‘ఒరేయ్’ అనేది. పెళ్ళయ్యాక ‘బాబూ’ అయ్యాను. కోపం వస్తే మళ్ళీ పాత ఉద్యోగమే. “ఆ సమాధి తవ్వించాలా, వద్దా?”

“ఏం తవ్వుతారు?” అంది నా భార్య. “నా చెల్లెల్నా?”

“అది నీ చెల్లెలు కాదేమో అనే కదే నా గోల.”

మామగారు కిటికీ పక్క మిషను ముందు కూర్చుని ఎవరిదో చొక్కాకి గుండీలు కుడుతున్నారు. నిన్నటి నుంచీ ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. గుండీలు మాత్రం చాలా కుట్టారు.

చిన్నది అంటే నా మరదలు. నేను సూదమ్మ అని పిలిచేవాణ్ణి, చేతిలోనూ సూదే, నోట్లోనూ సూదే కాబట్టి. “బావా, నీ కత్తెర మొద్దుబారితే నా మాటకి సాన పెట్టుకో” అనేది. ఆ పిల్ల ఒక రోజు గుట్ట మీదికి వెళ్ళిపోయింది. అక్కడ అందరూ ఒకే రంగు కడతారు, ఒకే చోట తింటారు, ఒకే మనిషిని ‘నాన్న’ అంటారు. లోకం కుళ్ళిపోయిందని, తామందరూ కలిసి ఒక శుభ్రమైన చోటికి వెళ్తారని ఆ నాన్న చెప్పేవాడు. వెళ్ళేటప్పుడు మా సూదమ్మ సొంత నాన్నతో పోట్లాడి వెళ్ళింది. “ఈ సూదీ దారం మీరే ఉంచుకోండి, జన్మలో మళ్ళీ పట్టను” అంది. పట్టదనే అనుకున్నాం. మాట మీద నిలబడే పిల్ల.

అందుకే మా అత్తగారు బూడిదరంగు గుడ్డ కొని, తన చేత్తో ఒక చొక్కా కుట్టి, గుట్ట మీదికి పాలు పోసేవాడితో పంపింది. తన కూతురు పరాయి కుట్టు వేసుకోవడం ఆవిడకి ఇష్టం లేదు.

ఆ తర్వాత ఎండాకాలంలో గుట్ట మీద అందరూ ఒకే రోజు చనిపోయారు. ప్రార్థన చేసే హాల్లో, వరసలుగా. కిందివాళ్ళకి తెలిసేసరికి ఎండ తన పని చేసేసింది. మొహాలు చూసి గుర్తుపట్టే స్థితి లేదు. ఇంటికి ఒక్కరినే లోపలికి పంపారు. మామగారు వెళ్ళారు, నేను గేటు బయట నిలబడ్డాను. ఆయన బయటికి వచ్చి, “మన ముడి ఉంది. తీసుకెళ్దాం” అన్నారు.

మా ఇంట్లో అంచు మడత కుట్టడం అయ్యాక దారం తెంపరు. వెనక్కి తెచ్చి, సూదికి చుట్టి లాగి, ఆ ముడిని మడత లోపలికి తోసేస్తారు. పైకి కనిపించదు, ఎన్ని ఉతుకులకీ ఊడదు. మామగారు అది భార్యకీ కూతుళ్ళకీ తప్ప ఎవరికీ నేర్పలేదు. నాకు కూడా పెళ్ళయిన మర్నాడే చూపించారు. అంతకు ముందు ఎన్నేళ్ళు పనిచేసినా, ముడి వేసేటప్పుడు నన్ను టీ తెమ్మని పంపేవారు.

కుట్టును బట్టి తండ్రి కూతుర్ని గుర్తుపట్టాడని పేపర్లో కూడా వేశారు. ఆ ముక్క చదివే రొట్టెల బట్టీ ఆవిడ నిన్న మా గడప ఎక్కింది. ఆవిడ కూతురు కూడా గుట్ట మీదే ఉండేది, శవం దొరకలేదు. ఒకసారి జ్వరం వచ్చి ఇంటికొచ్చినప్పుడు ఆ పిల్ల వదిలి వెళ్ళిన చొక్కా ఇది. దాని అంచు తిప్పితే లోపల మా ముడి.

అంటే మా సూదమ్మ మాట తప్పింది. గుట్ట మీద మళ్ళీ సూది పట్టింది. పక్కవాళ్ళకి కుట్టింది. అలాంటప్పుడు మేం తెచ్చి పూడ్చుకున్నది ఎవరిని?

ఇది మాలాంటివాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు. ఇంకొకరైతే పన్ను చూస్తారు, పుట్టుమచ్చ అడుగుతారు. మేం కుట్టు చూసి మనిషిని తెచ్చుకున్నాం.

అంతలో లెక్కల మాస్టారు వచ్చారు. రిటైరయ్యాక ఆయనకి రెండే పనులు, మా షాపులో టీ తాగడం, గుట్ట గురించి కొత్త సంగతి చెప్పడం. చేతిలో ఒక ప్యాంటు ఉంటుంది. నడుము వదులు చేయమని ఒకసారి తెస్తారు, బిగించమని ఇంకోసారి తెస్తారు. ప్యాంటు అదే.

మొదట్లో ఆయన కూడా అందరిలాగే, వాళ్ళంతట వాళ్ళే విషం తాగారన్నారు. తర్వాత, హాలు తలుపుకి బయట గడియ వేసి ఉందట, బలవంతంగా తాగించారన్నారు. ఆపైన, గుట్ట మీది ఆ నాన్నది అనుకున్న శవం అతనిది కాదు, వేరేవాడి వేలికి తన ఉంగరం తొడిగి పారిపోయాడన్నారు. మరోసారి గుట్ట కింద ఏదో ఖనిజం ఉందన్నారు, ఎవరో ఖాళీ చేయించారన్నారు. వీటికి మా అత్తగారు ఊ కొట్టేది, అంతే. ఆవిడకి కావలసింది ఒక్కటే. బస్సు.

ఆ చావులకి ముందురోజు సాయంత్రం గుట్ట వెనక దారిలో ఒక బస్సు కిందికి దిగిందని మేకలు కాసేవాడెవడో చూశాడట. మాస్టారు మొదటిసారి చెప్పినప్పుడు అందులో డ్రైవరు ఒక్కడే. తర్వాత నలుగురైదుగురు ఎక్కారు. ఈమధ్య ఆడవాళ్ళు కూడా కూర్చుంటున్నారు. మా అత్తగారు అడిగిన కొద్దీ ఆ బస్సులో సీట్లు పెరుగుతున్నాయి.

“కూర్చోండి మాస్టారూ” అంది అత్తగారు. “బస్సు సంగతి ఏమైనా తెలిసిందా?”

“అదే చెప్దామని వచ్చానమ్మా. కిటికీ పక్కన ఒక అమ్మాయి కూర్చుని ఉందట.”

“ఎంత వయసుంటుందట?”

“ముప్పై లోపే.”

“సన్నగా ఉందన్నాడా?”

“సన్నమే అన్నాడు.”

“జుట్టు?”

మాస్టారు ఆగారు. పాపం, అబద్ధాలాడే మనిషి కాదు. అడిగినవాళ్ళని ఉత్తి చేతులతో పంపలేని మనిషి. “జడ వేసుకునే ఉండి ఉంటుంది” అన్నారు.

“గుట్ట మీద అందరికీ జుట్టు కత్తిరిస్తారు మాస్టారూ” అంది నా భార్య. “బస్సెక్కగానే జడ మొలిచిందా?”

“నువ్వాగవే” అంది అత్తగారు.

“ఎందుకాగాలి? రోజూ వచ్చి ఈవిడ నోట్లో ఇంత ఆశ వేసి పోతారు. రాత్రంతా నమిలేది ఈవిడ, వినేది మేము. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? మీవాళ్ళెవరైనా పోయారా అక్కడ?”

మామగారి సూది ఆగింది.

మాస్టారు ప్యాంటును బల్ల అంచున పెట్టారు, చొక్కాకి తగలకుండా. “మావాళ్ళంటే, నా దగ్గర చదువుకున్న పిల్లలున్నారమ్మా. ఒకళ్ళిద్దరు కాదు. లెక్క ఇస్తే జవాబు రాసి, మళ్ళీ మొదటి నుంచీ సరిచూసుకునేవాళ్ళు. అలాంటి పిల్లలు ఎవరో గ్లాసు చేతికిస్తే సరిచూసుకోకుండా తాగారంటే నాకు మింగుడు పడట్లేదు. అందుకే రోజుకో దారి వెతుకుతున్నాను. మీ అమ్మగారి కోసం చెప్తున్నాననుకున్నావు కదూ?”

ఆయన టీ తాగకుండానే వెళ్ళిపోయారు. వదులు చేయాలో బిగించాలో చెప్పనే లేదు.

నా భార్య మొహం మాడిపోయింది. ఎవరి మీది కోపమో తీసుకెళ్ళి ఆ పెద్దమనిషి మీద పారేసింది, అది ఆమెకీ తెలుసు. విసవిసా నడిచి ట్రయల్ గదిలోకి వెళ్ళి తెర లాక్కుంది. మా ఇంట్లో ఏడవాలంటే అదొక్కటే చోటు. అద్దం కూడా ఉండటమే ఇబ్బంది.

నేను తెర పక్కకి జరిపి లోపలికి వెళ్ళాను. ఇద్దరికి సరిపోయే గది కాదది. మనిషికి మనిషి తగులుతూ నిలబడ్డాం.

“మాస్టారింటికి సాయంత్రం వెళ్ళొస్తాను” అంది. “కాళ్ళు పట్టుకుంటాను.”

“ప్యాంటు పట్టుకెళ్ళు. సగం కోపం తగ్గుతుంది.”

నవ్వలేదు. అద్దంలో నన్నే చూస్తూ, “ఒక మాట అడుగుతాను, నిజం చెప్పండి” అంది. “అది బతికే ఉందనుకోండి. బస్సో, కాళ్ళో, ఎలాగో దిగింది. మరి ఇన్ని నెలలూ ఎక్కడుంది? ఇంటి దారి తెలీదా?”

“భయపడి ఉండొచ్చు. సిగ్గుపడి ఉండొచ్చు.”

“నా దగ్గర సిగ్గా? పెళ్ళయ్యే దాకా ఒకే దుప్పటి కింద పడుకున్నాం. నా దుప్పటి లాక్కోడానికి లేని సిగ్గు, తలుపు కొట్టడానికి వచ్చిందా?” గొంతు తగ్గించింది. “చచ్చిపోయిందంటే, రాలేకపోయింది. బతికుందంటే, రావాలనిపించలేదు. ఈ రెంట్లో నేను దేన్ని భరించాలి? చచ్చిపోయిన చెల్లెలయితే నాకు నా చెల్లెలుగానే ఉంటుంది కదండీ.”

నేను తెర అంచు సర్దాను.

“వారం వారం సమాధి దగ్గరికి వెళ్ళి కూర్చుంటున్నాను” అంది. “దాంతో మాట్లాడుతున్నాను. మొదట్లో తిట్టేదాన్ని. మొన్న మీ గురించి ఏదో చెప్తూ నవ్వాను కూడా. ఆ మాత్రం చోటు నాకు దొరికింది. అది కూడా తవ్వేస్తానంటే ఎలా?”

“నా గురించి ఏం చెప్పావు?”

“మీరు సుద్దముక్క వెతుక్కుంటారని.”

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ మాట సూదమ్మ వినుంటే నన్ను జన్మంతా ఏడిపించేది. నాకూ ఆ పిల్ల మీద బెంగే. మొగాణ్ణి, బావని, ఇల్లరికపువాణ్ణి, ఎవరికి చెప్పుకుంటాను? గోడ పక్కనున్న ఆ పిల్ల మిషను మీద కుట్టని గుడ్డలు పోస్తూ ఉంటాం. జాగా లేక అని అందరితో చెప్తాం. ఆ స్టూలు మీద ఇంకొకరు కూర్చోవడం మాలో ఎవరికీ ఇష్టం లేదు.

తెర అవతల రొట్టెల బట్టీ ఆవిడ గొంతు వినిపించింది.

ఆవిడ కాగితంలో చుట్టిన వేడి రొట్టె ఒకటి, ఆఫీసు దరఖాస్తు ఒకటి తెచ్చింది. రొట్టెని మా అత్తగారి చేతిలో పెట్టింది, దరఖాస్తుని మామగారి మిషను మీద. ఆవిడ ముంజేతుల నిండా బట్టీ కాల్చిన పాత వాతలు. నిన్నా ఏడవలేదు, ఇవాళా ఏడవలేదు.

“అన్నయ్యగారూ, ఆఫీసులో అడిగొచ్చాను” అంది. “పూడ్చింది మీరు కాబట్టి మీ సంతకం కావాలట. మీరు పెడితే సమాధి తెరుస్తారు, ఎముక పరీక్షకి పంపుతారు. నా రక్తం, వదినగారి రక్తం తీసుకుంటారు. ఎవరి పిల్లో తేలిపోతుంది.”

మామగారు తలెత్తలేదు. సూదిలో దారం ఎక్కిస్తున్నారు. ఎక్కడం లేదు.

అత్తగారు ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుంది. రొట్టెని ఒళ్ళోనే పెట్టుకుంది, దించడం మర్చిపోయింది. “మీ అమ్మాయి ఎంత పొడుగు వదినా?”

“నా చెవి దాకా వస్తుంది.”

“మా చిన్నదీ అంతే. లావా, సన్నమా?”

“బట్టీ పక్కన పుట్టిన పిల్ల. వేడి రొట్టె కనిపిస్తే ఆగేది కాదు. గుట్టెక్కాక సన్నబడింది.” ఆవిడ చొక్కా వైపు చూసింది. “ఆ జ్వరం వచ్చినప్పుడు అడిగాను, ఈ చొక్కా ఎక్కడిదే అని. మా అక్క కుట్టిందమ్మా అంది. అక్కడందరూ అక్కలూ అన్నలే కదా అని నేను పట్టించుకోలేదు.”

“అక్క గురించి ఇంకేం చెప్పింది?”

“తిడుతుందని చెప్పింది.”

“తిట్టేదా?” అత్తగారు ఆవిడ చెయ్యి పట్టుకుంది. “ఏమని తిట్టేది వదినా? గుర్తు తెచ్చుకోండి.”

“నిటారుగా నిలబడు అనేదట. నువ్వు వంగి నిలబడితే చొక్కా వంకరొస్తుంది, అందరూ నన్నంటారు అనేదట.”

అది మామగారి మాట. కొలతలకి వచ్చిన ప్రతి మనిషికీ ఆయన చెప్పే మాట. బ్యాంకు ఆయనకీ చెప్పారు. నేను ఆయన వైపు చూశాను. ఆయన దారం కొసని నోట్లో తడి చేసుకుంటూ అలాగే ఉండిపోయారు.

“అది మా ఆయన మాట” అంది అత్తగారు. కళ్ళ నీళ్ళు పెట్టుకుని నవ్వింది. “ఈయనతో మాట్లాడనని పోయింది. అక్కడికెళ్ళి ఈయన మాటే చెప్పింది.” ఇంకా ఏదో అనబోయింది, ఇంకేదో బయటికొచ్చింది. “అది మీ అమ్మాయే అయ్యుండాలి వదినా.”

నోరు జారాక తెలిసింది ఏమన్నదో. ఒక తల్లి మొహం మీద, నీ కూతురే చచ్చి ఉండాలని అనేసింది. అత్తగారు రెండు చేతులతో నోరు మూసుకుంది. రొట్టె జారి నేల మీద పడింది.

రొట్టెల బట్టీ ఆవిడ వంగి దాన్ని తీసి దులిపింది. “నేనూ అదే కోరుకుంటున్నాను వదినా” అంది నెమ్మదిగా. “మీరు బాధపడకండి. బస్సు సంగతి నాకూ ఎవరో చెప్పారు. నాకు నమ్మకం లేదు. మా అమ్మాయి బతికుంటే రొట్టె వాసనకైనా వచ్చేది. నాకు అదెక్కడుందో తెలిస్తే చాలు. ఎదురుగా కూర్చుని ఏడవడానికి ఒక చోటు కావాలి. మీకా చోటుంది, మీకక్కర్లేదు. నాకు కావాలి.”

“నాకు కావాలి” అంది నా భార్య, తెర పక్కనుంచి. “మా అమ్మకి అక్కర్లేదని ఇచ్చేయడానికి అదేం పాత బట్ట కాదు. నా చెల్లెలు.”

“అని నీకెవరు చెప్పారు?” అంది అత్తగారు.

“నాన్న చెప్పారు. చూసినవాళ్ళు చెప్పారు. మేకలవాడు కాదు, మాస్టారు కాదు.” ఆమె మామగారి మిషను దగ్గరికి వచ్చింది. “మీరొక్కరే లోపలికెళ్ళారు నాన్నా. ఇంకెవరం చూడలేదు. మీరు అది చిన్నదే అంటే ఈ గొడవ ఇక్కడితో ఆగుతుంది. చెప్పండి. చిన్నదే కదా?”

మామగారు సూదిని గుడ్డలో గుచ్చారు. “ఆ చొక్కా ఇటివ్వు” అన్నారు నాతో.

అత్తగారు అడ్డు చెప్పలేదు. నేను చొక్కాని రెండు చేతుల మీద తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన అంచు తిప్పి, మడతలోకి వేలు పెట్టి తడిమారు. చూడలేదు, వెలుతురుకి కూడా పెట్టలేదు.

“మూడు చుట్లు” అన్నారు. “మీ అమ్మ రెండే వేస్తుంది. నేనూ రెండే. మీ ఆయనకీ రెండే నేర్పాను. చిన్నదానికి భయం, ఎక్కడ ఊడిపోతుందో అని. గుడ్డ ఉబ్బుతుందే అని ఎంత మొత్తుకున్నా వినేది కాదు, ఇంకో చుట్టు వేసేది.”

“ఇది చిన్నదే కుట్టిందని మాకూ తెలుసు నాన్నా. నేనడిగేది సమాధిలో ఉన్న మనిషి గురించి.”

“ఆ మనిషి ఒంటి మీది చొక్కాకీ మూడు చుట్లే.”

నా భార్యకి వెంటనే అందలేదు. మా అత్తగారికి అందింది. “అంటే అది నేను పంపింది కాదా?”

“కాదు.”

“ఆ రోజే తెలుసా మీకు?”

“వేలు పెట్టగానే తెలిసింది.” మామగారు చొక్కాని ఒళ్ళో పరుచుకున్నారు. నిన్నటి నుంచీ ఒక్క మాట లేని మనిషి, ఇప్పుడు ఆపేవాళ్ళు లేనట్టు మాట్లాడారు. “చిన్నది మళ్ళీ సూది పట్టిందని అక్కడ తెలిసింది నాకు. ఆ శవాల మధ్య నిలబడి సంతోషపడ్డాను. పాపిష్టివాణ్ణి, సంతోషపడ్డాను. తన కోసం కుట్టుకుని ఉంటుంది, ఇదే నా చిన్నది అనుకున్నాను. తర్వాత ఎందుకో పక్కన పడుకోబెట్టిన పిల్ల అంచు కూడా తిప్పాను. దానికీ మూడు చుట్లే. ఆ పక్కన మగమనిషి చొక్కాకీ అంతే. ఆ వరస చివరి దాకా వెళ్ళాను. ముసలివాళ్ళవీ, పసివాళ్ళవీ. అందరివీ మన ముడే. అక్కడున్నవాళ్ళంతా నా కూతురు కుట్టిన బట్టలే కట్టుకుని పోయారు.”

రోడ్డు మీద ఏదో బండి హారను కొడుతూ పోయింది.

“అందులో చిన్నది ఎవరు నాన్నా?” అంది నా భార్య. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

“తెలీలేదమ్మా.”

“మరి ఈ అమ్మాయిని…”

“ఎత్తు సరిపోయింది. భుజాలు సరిపోయాయి. అంతే.” ఆయన అత్తగారి వైపు చూడలేకపోయారు. “మీ అమ్మ ఇంటి దగ్గర కూర్చుని ఉంది. ఉత్తి చేతులతో ఎలా రాను? ఎవరూ తీసుకెళ్ళకపోతే అందరినీ కలిపి ఒకే గోతిలో వేస్తామన్నారు. నా బిడ్డ కుట్టిన బట్ట కట్టుకున్న పిల్ల. ఎవరి పిల్లయితేనేం, మన ఇంటికి రానీ అనుకున్నాను.”

రొట్టెల బట్టీ ఆవిడ లేచి మిషను దగ్గరికి వచ్చింది. “భుజాలు ఎంత ఉన్నాయన్నయ్యా?”

మామగారు అంకె చెప్పలేదు. రెండు చేతులూ గాలిలోకి ఎత్తి, ఆ వెడల్పుకి ఆపి పట్టుకున్నారు. జన్మంతా కొలతలు తీసిన చేతులు.

ఆవిడ ఆ రెండు చేతుల మధ్య ఖాళీ వైపు చూసింది. పక్కనే వచ్చి మా అత్తగారూ చూసింది. ఇద్దరూ చాలాసేపు అలా చూశారు, అక్కడ ఎవరో నిలబడి ఉన్నట్టు.

“మా అమ్మాయే అయ్యుండొచ్చు” అంది రొట్టెల బట్టీ ఆవిడ. నిన్నటి నుంచీ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

నా భార్య దరఖాస్తు తీసి మామగారి ముందు పెట్టింది. పెన్ను ఆయన చేతిలో పెట్టింది. “పెట్టండి నాన్నా. ఇన్నాళ్ళూ నేను ఎవరితో మాట్లాడానో నాకు తెలియాలి.”

మామగారు పెన్ను మూత తీశారు. అంతలో మా అత్తగారు అరచెయ్యి కాగితం మీద వేసింది, సంతకం పెట్టే చోటు మీదే.

“వద్దు” అంది.

“నువ్వేగా అమ్మా నిన్నటి నుంచీ తవ్వించమంటున్నావు?”

“అప్పుడు అది చిన్నదే అని మీ నాన్న అన్నాడు. కాదని తేలుతుందని తవ్వమన్నాను. ఇప్పుడు తెలీదని ఆయనే అంటున్నాడు. ఇక తవ్వడం ఎందుకు? తవ్వాక అదే అంటే నేనేం చెయ్యను?” ఆవిడ రొట్టెల బట్టీ ఆవిడ వైపు తిరిగింది. మా అత్తగారు ఎవరినీ బతిమాలగా నేను చూడలేదు. “నాలుగు రోజులు ఆగు వదినా. నీకు పుణ్యముంటుంది. ఒక్క నాలుగు రోజులు దాన్ని బతికుండనివ్వు.”

రొట్టెల బట్టీ ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కోపం లేదు ఆ మొహంలో. కోపం ఉంటే బాగుండేది, ఎవరో ఒకరం ఏదో ఒకటి అనగలిగేవాళ్ళం.

“నా పిల్ల మీ పిల్ల పేరు చెక్కిన రాయి కింద పడుకుని ఉంది వదినా” అంది. “ఇంకా ఎన్నాళ్ళు ఉండమంటారు దాన్ని?”

మామగారి చేతిలో పెన్ను అలాగే ఉంది. మా అత్తగారు చెయ్యి తియ్యలేదు.